లింఫోమా నయమైనవాళ్ళలో రెండో క్యాన్సర్: ఎవరికి ఏ పరీక్ష, ఎప్పటి నుంచి? (శ్రీకాకుళం, విజయనగరం)

సీతంపేట ఎంఎల్‌హెచ్‌పీ
బీపీ, షుగరు రిజిస్టర్లతోపాటు క్యాన్సర్ వైద్యం పూర్తయినవాళ్ళ పేర్లు కూడా క్లినిక్కులో రాస్తున్నాం. లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) వాళ్ళ దగ్గరే చిక్కొస్తోంది. ఊళ్ళో అందరికీ చేసే నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షే వాళ్ళకీ చేసి పంపేస్తున్నారు. ఛాతీకి రేడియేషన్ పడ్డ 27 ఏళ్ళ అమ్మాయికీ, కీమో ఒక్కటే తీసుకున్న 60 ఏళ్ళ పెద్దాయనకీ ఒకే లెక్క ఎలా సరిపోతుంది? ఎవరికి ఏ అవయవం మీద కన్నెయ్యాలి, ఎన్నేళ్ళ తర్వాత మొదలెట్టాలి, శ్రీకాకుళంలో ఏం కుదురుతుంది, దేనికి విశాఖ పంపాలి? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

నాగావళి (రేడియోథెరపీ)
సిస్టర్ గారూ, మీరడిగినవాటికి జవాబు చాలావరకు ఒక్క కాగితంలో ఉంటుంది, అది రేడియేషన్ సమ్మరీ. అది చూడకుండా ఏ పరీక్ష రాసినా ఊహే. అందులో చూడాల్సినవి: ఏ వయసులో పడింది, ఏ భాగానికి పడింది, మొత్తం ఎన్ని గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత), ఎన్ని సిట్టింగులు, కోబాల్ట్ యంత్రమా లీనియర్ యాక్సిలరేటరా. పాత కాగితాల్లో 4000 రాడ్ అనో, 4000 సెంటీగ్రే అనో ఉంటే రెండూ 40 గ్రేలే. 4000 గ్రే అని రిజిస్టర్లో ఎక్కించకండి, ఆ పొరపాటు తరచుగా జరుగుతుంది.

ఇక ముప్పు సంగతి. వైద్యం వల్ల వచ్చే రెండో క్యాన్సర్లు రెండు రకాలుగా నడుస్తాయి. రక్తానికి సంబంధించినవి, అంటే ఎండీఎస్ (మజ్జలో రక్తకణాలు సరిగా తయారవని జబ్బు), ఏఎంఎల్ (వేగంగా ముదిరే రక్త క్యాన్సర్), త్వరగా వస్తాయి. చాలావరకు మొదటి పదేళ్ళలోనే బయటపడతాయి. గడ్డలుగా వచ్చేవి, అంటే రొమ్ము, ఊపిరితిత్తి, థైరాయిడ్, జీర్ణాశయం, పెద్దపేగు, చర్మం, ఆలస్యంగా మొదలై ఆ తర్వాత ఏళ్ళ తరబడి పెరుగుతూనే పోతాయి. అయిదేళ్ళు దాటింది, ఇంక రానక్కర్లేదని పంపేసేది సరిగ్గా రెండో రకం మొదలయ్యే ముందే.

నెదర్లాండ్స్‌లో 1965–2000 మధ్య హాడ్జ్‌కిన్ (లింఫోమాలో ఒక రకం) వైద్యం పొంది, కనీసం అయిదేళ్ళు బతికిన 3905 మందిని గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. 40 ఏళ్ళు గడిచేసరికి వాళ్ళలో 48.5 శాతం మందికి ఇంకో క్యాన్సర్ వచ్చింది. అదే వయసు మామూలు జనంలో ఆ లెక్క 19 శాతం. ఇది చూసి రేడియేషనే వద్దనేవాళ్ళుంటారు, అందుకే ముందే చెప్తున్నాను. ఆ రోజుల్లో వేసింది మాంటిల్ ఫీల్డు: దవడ కింద నుంచి మెడ, రెండు చంకలు, ఛాతీ నడుమ అంతా కలిపి 36 నుంచి 44 గ్రేలు. ఇప్పుడు తొలిదశలో, ప్రతికూల లక్షణాలు లేని హాడ్జ్‌కిన్‌కి రెండు ఏబీవీడీ (నాలుగు కీమో మందుల కలయిక) సైకిళ్ళ తర్వాత జబ్బున్న చోటుకే 20 గ్రేలు చాలని జర్మన్ బృందం హెచ్‌డీ-10 పరీక్షలో తేలింది. వైద్యం మానేస్తే మనిషిని తీసుకుపోయేది మొదటి జబ్బే.

చీపురుపల్లి శ్రీను
డాక్టరు గారూ, రేడియేషన్ పెట్టించుకున్నోళ్ళ ఒంట్లో అది ఉండిపోద్దంటారు గదా. పిల్లల్ని ఎత్తుకోవచ్చా? ఆళ్ళ పిల్లలకి కూడా క్యాన్సర్ వస్తాదా?

నాగావళి (రేడియోథెరపీ)
ఉండిపోదు శ్రీను గారూ. యంత్రం ఆగిన క్షణమే కిరణాలూ ఆగిపోతాయి. పిల్లల్ని నిశ్చింతగా ఎత్తుకోవచ్చు. మిగిలేది కణాల్లోని డీఎన్‌ఏకి తగిలిన దెబ్బ. కిరణం పడిన చోట బతికి బట్టకట్టిన కణాల్లో కొన్ని ఆ దెబ్బతోనే విభజన చెందుతూ పోతాయి, దాని మీద ఇంకొన్ని మార్పులు పేరుకోవడానికి పది, ఇరవై ఏళ్ళు పడుతుంది. అందుకే ఆలస్యంగా కనిపిస్తుంది. కీమో, రేడియేషన్ వల్ల కలిగే ఈ ముప్పు పిల్లలకి దిగదు.

గంట్యాడ రేడియాలజీ
రొమ్ము గురించి నేను రాస్తాను, ఎక్కువ నష్టం జరుగుతున్నది అక్కడే.

ముప్ఫై ఏళ్ళ లోపు ఛాతీకి రేడియేషన్ పడిన ఆడవాళ్ళకి ముప్పు ఎక్కువ, ఇరవై లోపైతే మరీ ఎక్కువ. 2003లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, గడ్డ వచ్చిన చోట 4 గ్రేలకు మించి పడితేనే ముప్పు సుమారు 3 రెట్లు, 40 గ్రేలు దాటితే సుమారు 8 రెట్లు. రొమ్ముకి నేరుగా కిరణం పెట్టకపోయినా ఛాతీ నడిమి గ్రంథులకి పెట్టినప్పుడు లోపలి అంచుకి 4 గ్రేలు సులువుగా తగులుతాయి.

పరీక్ష ఎప్పుడంటే: ఛాతీకి 10 గ్రేలు, అంతకన్నా ఎక్కువ పడితే, రేడియేషన్ అయిన 8 ఏళ్ళకి గానీ 25 ఏళ్ళ వయసుకి గానీ, ఏది తర్వాత వస్తే అప్పటి నుంచి ఏడాదికోసారి. 16వ ఏట రేడియేషన్ పడిన అమ్మాయికి 25కి మొదలు. 24లో పడితే 32కి మొదలు. నలభై వచ్చాక చూద్దామంటే కుదరదు. క్లినిక్కులో నర్సు చేత్తో చూసే పరీక్ష ఆలోగానే మొదలవ్వాలి. ఏడాదికోసారి, 25 దాటాక ఆరు నెలలకోసారి.

ఏ పరీక్ష అంటే మామోగ్రామ్, ఎంఆర్‌ఐ రెండూ. ఈ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో అంతా తెల్లగా కనిపించి గడ్డ అందులో కలిసిపోతుంది. ఎంఆర్‌ఐ దాన్ని పట్టుకుంటుంది. కానీ సన్నటి సున్నపు చుక్కలుగా మొదలయ్యే తొలిదశను మామోగ్రామే పట్టుకుంటుంది. ఒకటి చేయించాం కదా అని రెండోది మానకూడదు.

సీతంపేట ఎంఎల్‌హెచ్‌పీ
మేడమ్, ఎంఆర్‌ఐ అంటే ఇక్కడివాళ్ళు భయపడిపోతున్నారు, ఖర్చు ఒకటి, విశాఖ ప్రయాణం ఒకటి. అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టుకోకూడదా?

గంట్యాడ రేడియాలజీ
సరిపెట్టుకోకూడదు. చేతికి తగిలిన గడ్డ నీటి తిత్తా, గట్టి గడ్డా అని తేల్చడానికి అల్ట్రాసౌండ్ మంచిది. ఏ లక్షణమూ లేని మనిషిలో వెతకడానికి అదొక్కటే చాలదు. ఎంఆర్‌ఐ నిజంగా అందనప్పుడు మామోగ్రామ్‌కి అల్ట్రాసౌండ్ కలిపి చేయించండి, ఏమీ లేకపోవడం కన్నా అది నయం, కానీ రిజిస్టర్లో ఎంఆర్‌ఐ బాకీ అని రాయండి.

ప్రయాణం వృథా కాకుండా ముందే ఫోన్ చేసి అడగాల్సినవి కొన్నున్నాయి. బ్రెస్ట్ కాయిల్ ఉందా? అన్ని ఎంఆర్‌ఐ సెంటర్లలో ఉండదు. బోర్లా పడుకోబెట్టి ఆ కాయిల్‌తో తీయాలి, మామూలు ఛాతీ ఎంఆర్‌ఐ పనికిరాదు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇస్తారా? అది లేకుండా క్యాన్సర్ కోసం వెతకడం దండగ. నెలసరి వచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య అపాయింట్‌మెంట్ తీసుకోండి, మిగతా రోజుల్లో మామూలు కణజాలమే మెరిసి తప్పుడు అనుమానాలు పుట్టిస్తుంది. మామోగ్రామ్ రోజు పౌడరు, డియోడరెంటు రాసుకోకూడదు, అందులోని లోహపు రేణువులు సున్నపు చుక్కల్లా పడతాయి. పాత ఫిల్ములూ సీడీలూ తప్పక తీసుకెళ్ళాలి. రిక్వెస్టు మీద ఛాతీకి ఏ సంవత్సరంలో ఎన్ని గ్రేలు పడ్డాయో పెద్ద అక్షరాలతో రాయండి. అది లేకపోతే అవతల మామూలు స్క్రీనింగు కళ్ళతో చూస్తారు.

ఉద్దానం కిడ్నీ
కాంట్రాస్ట్ మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఎంఆర్‌ఐకి ముందు క్రియాటినిన్, దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత అంచనా) తప్పనిసరి. ఇక్కడి కిడ్నీ జబ్బుకి షుగరు, బీపీ ఉండాల్సిన పని లేదు, మూత్రంలో ప్రొటీన్ కూడా తక్కువే పోతుంది, ముందు ఏ లక్షణమూ ఉండదు. ఈజీఎఫ్‌ఆర్ 30 కన్నా తక్కువుంటే పాత రకం గాడోలినియం కాంట్రాస్ట్ మందులతో చర్మం, లోపలి కణజాలం గట్టిపడే ప్రమాదముంది. గాడోబ్యూట్రాల్ లాంటి వలయాకార మందులతో ఆ ప్రమాదం చాలా తక్కువ. కాబట్టి ఎంఆర్‌ఐ మానేయమని కాదు, ఏ మందు వాడతారో అడగమని. ఇది సీటీ కాంట్రాస్ట్ కాదు, రెండూ ఒకటే అనుకుని భయపెట్టకండి.

రాజాం మందుల మాస్టారు
కీమో లెక్క నేను చెప్తాను. ఏ మందు అన్నది ఒకటి, మొత్తం ఎంత అన్నది ఇంకొకటి. డిశ్చార్జి సమ్మరీలో "6 సైకిళ్ళు ఇచ్చాం" అని ఉంటే చాలదు, మొత్తం మిల్లీగ్రాములు రాసుకోవాలి.

ఆల్కైలేటింగ్ మందులు (సైక్లోఫాస్ఫమైడ్, ప్రోకార్బజిన్, మెల్ఫలాన్, క్లోరాంబ్యూసిల్) రక్త క్యాన్సర్ వైపు తోస్తాయి, ఎక్కువగా 5 నుంచి 7 ఏళ్ళ మధ్య, ముందు ఎండీఎస్‌గా మొదలై. క్రోమోజోమ్ 5, 7లలో ముక్క ఊడటం దీని గుర్తు. ఎటోపోసైడ్ తరహా మందులవల్ల వచ్చేది వేరు, 1 నుంచి 3 ఏళ్ళలోనే, ఎండీఎస్ దశ లేకుండా నేరుగా ఏఎంఎల్‌గా వస్తుంది, 11వ క్రోమోజోమ్‌లో మార్పు కనిపిస్తుంది.

ప్రోకార్బజిన్ ఉండే పాత కీమో కలయికలు ఎంఓపీపీ, సీఓపీపీ తీసుకున్నవాళ్ళని వేరే గుర్తు పెట్టి ఉంచండి. మన దగ్గర పిల్లల హాడ్జ్‌కిన్‌కి సీఓపీపీ చాలాకాలం వాడారు. ఒక్కో సైకిల్లో ప్రోకార్బజిన్ ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి 100 మి.గ్రా. చొప్పున 14 రోజులు, అంటే 1400. నాలుగు సైకిళ్ళకి 5600. ఈ అంకె ఎందుకంటే, చ.మీ.కి 5600 మి.గ్రా. దాటిన ప్రోకార్బజిన్, పొట్టకి 25 గ్రేలు దాటిన రేడియేషన్ రెండూ కలిస్తే జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు విపరీతంగా పెరుగుతుందని 2013లో తేలింది. అలాంటివాళ్ళు ఏడాది పొడవునా గ్యాస్ మాత్ర మింగుతూ ఉంటే ఊరుకోకూడదు, ఎండోస్కోపీకి పంపాలి.

ఏబీవీడీలో ప్రోకార్బజిన్ లేదు, అందులో రక్త క్యాన్సర్ ముప్పు చాలా తక్కువ. ఆర్-చాప్ (రిటుక్సిమాబ్ కలిపిన కీమో) ఆరు సైకిళ్ళలో సైక్లోఫాస్ఫమైడ్ చ.మీ.కి 4500 మి.గ్రా., 1.6 చ.మీ. మనిషికి 7.2 గ్రాములు. మూత్రాశయ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు కనిపించింది 20 గ్రాములు దాటినవాళ్ళలో, 50 దాటితే పద్నాలుగు రెట్లు. అందుకని ఆరు సైకిళ్ళ ఆర్-చాప్ వేసుకున్నవాళ్ళని ఈ విషయంలో భయపెట్టక్కర్లేదు. అయినా నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే మాత్రం ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇచ్చి ఊరుకోవద్దు. రిటుక్సిమాబ్ వల్ల రెండో క్యాన్సర్లు పెరుగుతాయన్న ఆధారం లేదు.

డాక్సోరూబిసిన్ సంగతి మరొకటి. ఆర్-చాప్ ఆరు సైకిళ్ళైనా, ఏబీవీడీ ఆరు సైకిళ్ళైనా చ.మీ.కి 300 మి.గ్రా. అవుతుంది. జీవితకాలం హద్దు 450–550 అంటారు, గుండె మీద రేడియేషన్ పడి ఉంటే ఇంకా తగ్గించి చూస్తారు. రేపు ఆ మనిషికి రొమ్ము క్యాన్సర్ వస్తే, ఆ మందే మళ్ళీ రాస్తారు. పాత లెక్క తెలియకపోతే గుండె దెబ్బతింటుంది.

నాగావళి (రేడియోథెరపీ)
మాస్టారు చెప్పినదానికి జోడింపు. ఛాతీకి ఒకసారి రేడియేషన్ పడినవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ వస్తే, గడ్డ ఒక్కటే తీసి మిగతా రొమ్ముకి రేడియేషన్ ఇచ్చే దారి చాలాసార్లు మూసుకుపోతుంది, అదే చోట రెండోసారి పూర్తి డోసు వేయడం కష్టం. అందుకే రొమ్ము మొత్తం తీసే ఆపరేషన్ వైపు మొగ్గుతారు. సర్జన్‌కి పాత సంగతి చెప్పకుండా ఆపరేషన్ అయిపోయాక రేడియేషన్‌కి పంపితే, అప్పుడు చెయ్యగలిగింది చాలా తక్కువ.

కొత్తవలస అప్పారావు
కాగితాలు లేనివాళ్ళ సంగతేంటండీ? 2005 ముందరివి చాలామంది దగ్గర లేవు. వర్షాకాలం నీళ్ళొచ్చి పోయినవి కొన్ని, చెదలు పట్టినవి కొన్ని.

నాగావళి (రేడియోథెరపీ)
ముందు వైద్యం చేసిన ఆస్పత్రిలోనే అడగాలి. 2002 వైద్య మండలి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్ళు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్ళు దాటినవి ఉండాలని నియమం లేకపోయినా రేడియోథెరపీ విభాగాలు ట్రీట్‌మెంట్ కార్డుల్ని వేరుగా భద్రపరచడం చూస్తాం. కాబట్టి మెడికల్ రికార్డ్స్ గదిలో లేదంటే వెనక్కి రాకండి, రేడియోథెరపీ విభాగంలోనే ఫిజిసిస్టునో టెక్నీషియన్నో అడగండి. పేరు, అప్పటి వయసు, వైద్యం చేసిన సంవత్సరం, ఓపీ నంబరు ఏదైనా ఉంటే అది రాసి ఇవ్వండి. ఇప్పుడు వైద్యం పూర్తవుతున్నవాళ్ళైతే డిశ్చార్జి రోజునే అన్నీ తీసుకోవాలి: సమ్మరీ, ప్లానింగు సీడీ, బయాప్సీ రిపోర్టు, స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు.

కాగితం దొరకనే దొరకకపోతే ఒంటి మీద చూడండి. ఛాతీ నడుమ, పక్కల మీద ఆవగింజంత నీలం చుక్కలుంటాయి, ఫీల్డు అమర్చడానికి వేసిన పచ్చబొట్లు. చంకల్లో వెంట్రుకలు రాకపోవడం, మెడ వెనక కింది భాగంలో జుట్టు పలచబడటం, మెడ కండలు సన్నబడటం మాంటిల్ ఫీల్డు గుర్తులు. అవి ఉంటే 36 గ్రేలు పడ్డట్టే లెక్కించుకుని ఎక్కువ ముప్పు వరసలో పెట్టండి.

ఏబీహెచ్‌ఏ (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు ఉన్నవాళ్ళకి స్కాన్ చేసి ఎక్కించండి. థర్మల్ కాగితం మీద ముద్రించిన రిపోర్టులు రెండు మూడేళ్ళకే మాసిపోతాయి, వాటిని జిరాక్స్ తీయించాలి, లామినేషన్ చేయకూడదు, వేడికి నల్లబడిపోతాయి.

బొబ్బిలి ల్యాబ్
రక్త పరీక్ష గురించి రెండు ముక్కలు చెప్దామనుకున్నాను గానీ ఇది కాస్త వివరంగానే చెప్పాలి.

ఆల్కైలేటర్ గానీ ఎటోపోసైడ్ గానీ తీసుకున్నవాళ్ళకి ఏడాదికోసారి సీబీపీ (రక్తకణాల లెక్క), పదేళ్ళ పాటు. మిషన్ ఇచ్చే అంకెలు చాలవు, స్మియర్ (గాజుపలక మీద పరిచిన రక్తపు చుక్క) వేసి కళ్ళతో చూడాలి. హిమోగ్లోబిన్ తగ్గడం, ప్లేట్‌లెట్లు తగ్గడం అందరూ చూస్తారు. ముందే కదిలేది చాలాసార్లు ఎంసీవీ, అంటే ఎర్రకణం పరిమాణం. అది 100 దాటితే అనుమానించాలి. కానీ వెంటనే ఎండీఎస్ అని బెదరగొట్టకండి. బీ12 లోపం, మద్యం, థైరాయిడ్ తగ్గడం, షుగరుకి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడటం, ఇవన్నీ అదే పని చేస్తాయి. మెడకి రేడియేషన్ పడినవాళ్ళకి థైరాయిడ్ తగ్గడం చాలా మామూలు. ముందు బీ12, ఫోలేట్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూసి, సరిదిద్ది, నాలుగు వారాలకి మళ్ళీ సీబీపీ చెయ్యండి.

మన ఏజెన్సీ ప్రాంతంలో ఇంకో మోసం ఉంది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, పాచిపెంట వైపు సికిల్ సెల్, తలసేమియా ట్రెయిట్ (జబ్బు ముదరకుండా జన్యువు మాత్రం ఉండటం) ఎక్కువ. తలసేమియా ట్రెయిట్ ఉన్న మనిషి ఎంసీవీ మొదటి నుంచీ 68–72 ఉంటుంది. అది 90కి పెరిగితే రిపోర్టులో నార్మల్ అని పడుతుంది, కానీ ఆ మనిషికి అది పెద్ద పెరుగుదల. కాబట్టి కీమోకి ముందటి సీబీపీతో పోల్చాలి, అచ్చువేసిన నార్మల్ అంకెలతో కాదు. రక్తహీనతకి ఐరన్ లోపం కూడా తోడైతే పెద్ద కణాలూ చిన్న కణాలూ కలిసిపోయి సగటు మామూలుగానే కనిపిస్తుంది, అప్పుడు ఆర్‌డీడబ్ల్యూ (కణాల పరిమాణంలో తేడా చూపే అంకె) పెరిగి ఉంటుంది, స్మియర్‌లో రెండు రకాలూ కనిపిస్తాయి.

బోన్‌మ్యారో తీసినప్పుడు క్రోమోజోమ్ పరీక్షకి ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబులో పంపాలి, బతికున్న కణాలు కావాలి కాబట్టి ఫ్రిజ్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో ల్యాబుకి చేరాలి. ఊదా మూత ఈడీటీఏ ట్యూబు ఫ్లో సైటోమెట్రీకి, మాలిక్యులర్ పరీక్షలకి. శనివారం సాయంత్రం తీసి ఆదివారం కొరియర్ లేక పాడైపోవడం జరుగుతూ ఉంటుంది. సోమ, మంగళవారాల్లో తీయించండి.

కళింగపట్నం దంతవైద్యం
ఈ జిల్లాలో నోటి సంగతి లేకుండా ఈ చర్చ పూర్తవదు. శ్రీకాకుళం తీరం పొడుగునా ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటుంది, చుట్ట వెలిగించిన చివర నోట్లో పెట్టుకుని తాగడం. నిప్పు వేడి, పొగ రెండూ అంగిలికి తగులుతాయి. మామూలుగా నోటి క్యాన్సర్ నాలుక పక్కన, చెంప లోపల వస్తుంది. అడ్డపొగవాళ్ళకి గట్టి అంగిలి మీద వస్తుంది. దవడ, మెడ భాగంలో రేడియేషన్ పడినవాళ్ళు ఇది కొనసాగిస్తే ముప్పు మీద ముప్పు.

క్లినిక్కులో చెయ్యాల్సింది: కట్టుడు పళ్ళుంటే తీయించి, తల వెనక్కి వంచి, టార్చీ లైటుతో అంగిలి మొత్తం చూడాలి. నాలుకని గాజుగుడ్డతో పట్టుకుని రెండు పక్కలూ, కింద కూడా చూడాలి. అంగిలి తెల్లబారి మధ్యలో ఎర్ర చుక్కలు కనిపించడం అడ్డపొగ గుర్తే. అలవాటు మానితే చాలావరకు తగ్గుతుంది. ఎర్రటి మచ్చ, పుండు, గట్టి అంచు, రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే మాత్రం బయాప్సీకి పంపాలి. మౌత్‌వాష్ రాసి నెల తర్వాత రమ్మనవద్దు. ఇంకొకటి, దవడకి ఎక్కువ డోసు రేడియేషన్ పడినవాళ్ళ పన్ను పీకే ముందు రేడియోథెరపీ డాక్టరుని అడగాలి, ఎముక మానక పుండుపడే ప్రమాదముంది.

నాగావళి (రేడియోథెరపీ)
పొగాకు గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. 2002లో హాడ్జ్‌కిన్ వైద్యం పొందినవాళ్ళ మీద వచ్చిన అధ్యయనంలో, ఊపిరితిత్తికి 5 గ్రేలు దాటి పడితే క్యాన్సర్ ముప్పు సుమారు 6 రెట్లు, ఆల్కైలేటర్ వల్ల సుమారు 4 రెట్లు. రెండూ పడి పొగ కూడా ఎక్కువగా తాగినవాళ్ళకి, ఇవేవీ లేనివాళ్ళతో పోలిస్తే, 49 రెట్లు. ఇందులో వైద్యం వాటాని మనం వెనక్కి తీసుకోలేం, పొగ వాటా మాత్రం చేతిలో ఉంది. బీడీ, చుట్ట, సిగరెట్టు ఏదైనా ఒకటే.

చీపురుపల్లి శ్రీను
అయితే ఏడాదికోపాలి పెట్ సీటీ తీయించీస్తే అన్నీ ఒకేసారి తెలిసిపోవా? అదే మంచిది గదా.

గంట్యాడ రేడియాలజీ
వద్దు శ్రీను గారూ. పెట్ సీటీ ఒక్కదానికి సుమారు 10 నుంచి 25 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ పడుతుంది. మామోగ్రామ్ 0.4, ఊపిరితిత్తుల లో-డోస్ సీటీ 1.5 దగ్గర. జబ్బు పూర్తిగా తగ్గి లక్షణాలేవీ లేనివాళ్ళకి ఏటా పెట్ తీయడాన్ని మార్గదర్శకాలు ఒప్పుకోవు. పైగా మన దగ్గర పాత టీబీ మచ్చలు, ఇన్‌ఫెక్షన్‌కి ఉబ్బిన గ్రంథులు అన్నీ మెరుస్తాయి, అక్కర్లేని బయాప్సీల్లోకి దింపుతుంది. సున్నపు చుక్కల దశలో ఉన్న రొమ్ము క్యాన్సర్‌ని అది చూడనే చూడదు.

లో-డోస్ సీటీ మాట వేరు. ఛాతీకి రేడియేషన్ పడి, పొగ ఎక్కువగా తాగిన 50 దాటినవాళ్ళకి డాక్టరుతో మాట్లాడి ఏటా తీయించవచ్చు. మొదటిసారి కనిపించిన చిన్న ముడి టీబీ మచ్చా కాదా అన్నది పాత ఎక్స్‌రేతో, మూడు నెలల తర్వాతి సీటీతో తేలుతుంది.

బొబ్బిలి ల్యాబ్
మెడకి రేడియేషన్ పడినవాళ్ళందరికీ థైరాయిడ్ అల్ట్రాసౌండ్ కూడా ఏటా చేయాలని నా అభిప్రాయం. ఖర్చు తక్కువ, నొప్పి లేదు.

గంట్యాడ రేడియాలజీ
ఇక్కడ మీతో ఏకీభవించను. ఏడాదికోసారి టీఎస్‌హెచ్, చేత్తో మెడ తడిమి చూడటం, ఈ రెండూ తప్పనిసరి. అల్ట్రాసౌండ్ ఏటా చేస్తే ఎప్పటికీ హాని చేయని చిన్న ముడులు కుప్పలుగా బయటపడతాయి, ప్రతిదానికీ సూది, కొన్నిటికి ఆపరేషన్, ఆపై జీవితాంతం మాత్ర. చేతికి ముడి తగిలితేనో, గొంతు మారితేనో స్కాన్ చేయండి. మనిషికి విషయం వివరించి, తనే కావాలంటే 3–5 ఏళ్ళకోసారి అన్నది నడిమి దారి.

బొబ్బిలి ల్యాబ్
నడిమి దారికి ఒప్పుకుంటాను, మేడమ్. రేడియేషన్ పదేళ్ళ వయసులోపు పడిన పిల్లల విషయంలో మాత్రం ఇంకొంచెం దగ్గరగా చూడాలంటాను.

రాజాం మందుల మాస్టారు
మిగతావి చిన్నగా: పొట్ట, కటి భాగానికి చిన్నప్పుడు రేడియేషన్ పడినవాళ్ళకి 30 ఏళ్ళు గానీ, రేడియేషన్ అయిన 5 ఏళ్ళు గానీ, ఏది తర్వాతైతే అప్పటి నుంచి అయిదేళ్ళకోసారి కొలనోస్కోపీ. కిరణం పడిన చోట చర్మం మీద మానని పుండు, ముత్యంలా మెరిసే బుడిపె ఉంటే చర్మవైద్యుడికి చూపించాలి. కార్-టీ (రోగి టీ కణాల్నే మార్చి తిరిగి ఎక్కించే వైద్యం) తీసుకున్నవాళ్ళు ఇక్కడ ఇంకా అరుదే, కానీ టీ కణాల క్యాన్సర్లు రావచ్చని 2024 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ఆ మందులన్నిటికీ గట్టి హెచ్చరిక చేర్పించింది. వాళ్ళకి జీవితాంతం ఫాలోఅప్.

సీతంపేట ఎంఎల్‌హెచ్‌పీ
ఇప్పుడు వైద్యం మొదలవబోతున్నవాళ్ళు డాక్టరుని ఏమడగాలి? రేడియేషన్ వద్దని మొండికేస్తున్న కుటుంబాలున్నాయి.

నాగావళి (రేడియోథెరపీ)
మానేయమని కాదు, ఇలా అడగమనండి. ఈ దశలో రేడియేషన్ వల్ల నాకు లాభమెంత? ఛాతీ నడిమి పెద్ద బీ-సెల్ లింఫోమాలో కీమో తర్వాత పెట్‌లో పూర్తిగా తగ్గినవాళ్ళకి రేడియేషన్ వదిలేసినా ఫలితం చెడలేదని ఐఈఎల్‌ఎస్‌జీ-37 పరీక్ష చూపించింది. పిల్లల హాడ్జ్‌కిన్‌లో కూడా తొలి కీమోకి బాగా లొంగినవాళ్ళకి యూరోప్ ప్రొటోకాల్‌లో వదిలేస్తున్నారు. ఇవ్వాల్సిందే అంటే: జబ్బున్న చోటుకేనా, మొత్తం ఎన్ని గ్రేలు? ఊపిరి లోపలికి పీల్చి బిగబట్టించి ఇచ్చే పద్ధతి ఉందా? దానివల్ల ఊపిరితిత్తులు ఉబ్బి గుండె కిందికి, వెనక్కి జరుగుతుంది, డోసు తగ్గుతుంది. రొమ్ములకి, గుండెకి, ఊపిరితిత్తులకి సగటు డోసు ఎంత వస్తోందో ప్లాను మీద రాసి ఇస్తారా? ఈ అంకె ప్లానింగు కంప్యూటర్లో ఉంటుంది, అడిగితే ముద్రించి ఇవ్వగలరు.

స్క్రీనింగు పరీక్షలకి ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది వర్తిస్తుందో ప్రయాణానికి ముందే నెట్‌వర్క్ ఆస్పత్రిలోని వైద్యమిత్రని అడిగి, పేరూ తేదీతో రాసుకోండి. గడ్డ అనుమానంతో చేసే పరీక్ష వేరు, ఏ లక్షణమూ లేకుండా చేసేది వేరు.

కొత్తవలస అప్పారావు
చివరిగా ఒక సందేహం. పన్నెండేళ్ళ తర్వాత మెడలో మళ్ళీ గ్రంథి ఉబ్బితే అది పాత జబ్బా, కొత్తదా? ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు పడితే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది.

నాగావళి (రేడియోథెరపీ)
ఆ ఇంజెక్షన్ చాలాసార్లు డెక్సామెథసోన్. అది లింఫోమాని కొన్ని వారాలు కుదించేస్తుంది, అప్పుడు తీసిన ముక్కలో చచ్చిన కణాలే కనిపించి రిపోర్టు తేలదు. ఉబ్బిన గ్రంథికి ముక్క పరీక్ష అయ్యేదాకా స్టెరాయిడ్ వద్దని ప్రతి ఇంటికీ చెప్పండి. పాత జబ్బు తిరగబడటం, కొత్త రకం లింఫోమా, థైరాయిడ్ నుంచో ఊపిరితిత్తి నుంచో పాకిన క్యాన్సర్, టీబీ, నాలుగూ మెడలో ఒకేలా తగులుతాయి. అనుమానంతో ఆరు నెలల టీబీ మందులు మొదలెట్టేయడం కూడా ఇలాంటి నష్టమే.

సన్నసూది పరీక్షతో ఆగకూడదు, లింఫోమా రకం తేలాలంటే గ్రంథి అల్లిక చూడాలి. గ్రంథి మొత్తం తీయించండి, కుదరకపోతే లావు సూది బయాప్సీ. గజ్జల్లోది వదిలి మెడలోదో చంకలోదో ఎంచుకోమనండి.

బొబ్బిలి ల్యాబ్
తీసిన గ్రంథిని థియేటర్లోనే రెండు ముక్కలు చేయించండి. పెద్ద ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్కకి కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి, వెడల్పు మూతి డబ్బా కావాలి. ఇరుకు సీసాలో కుక్కితే మధ్యభాగం కుళ్ళిపోయి ఇమ్యునో పరీక్షలు పనిచేయవు. చిన్న ముక్క స్టెరైల్ నార్మల్ సెలైన్‌లో, జీన్‌ఎక్స్‌పర్ట్‌కీ టీబీ కల్చర్‌కీ, అదే రోజు పంపాలి. మొత్తం ఫార్మలిన్‌లో వేసేస్తే కల్చర్ చేయడానికి ఇంకేమీ మిగలదు. ఫారం మీద "పాత హాడ్జ్‌కిన్" అనో "పాత డీఎల్‌బీసీఎల్" (పెద్ద బీ-సెల్ లింఫోమా) అనో సంవత్సరంతో సహా రాసి, పాత బ్లాకు నంబరు ఉంటే అదీ వేయండి, పాథాలజిస్టు రెండు స్లైడ్లూ పక్కపక్కన పెట్టి చూస్తారు.